నడిబావి నీళ్లు

పళ్లు పీకే డాక్టరు వచ్చిన రోజున తవిటయ్య కావాలనే పంపు విప్పి ముందర పరుచుకున్నాడు. చేతిలో పని కనిపిస్తే ఎవరూ పలకరించరని అతని నమ్మకం. అరవై రెండేళ్ల బతుకులో పెట్టుకున్న నమ్మకాల్లో ఇంతవరకూ బొంకనిది అదొక్కటే.

అది మూతపడిన జీడిపప్పు ఫ్యాక్టరీ. పిక్కలు కాల్చడం మానేసి పదేళ్లయినా గోడలకు జీడి వాసన వదల్లేదు. సముద్రం మింగేసిన దీవుల నుంచి పడవలెక్కి వచ్చేవాళ్లకు అక్కడ ‘ఒడ్డు సంఘం’ నీడ ఇస్తోంది. తిండి, బట్ట, మందు, సర్కారుకు పెట్టుకోవాల్సిన దరఖాస్తు, అన్నీ సంఘమే చూస్తుంది. తవిటయ్య చూసేది నీళ్లు. పంచాయతీలో బోరింగు మెకానిక్కుగా చేసి దిగిపోయాక, సంఘం నడిపే హేమసుందరి పిలిచి పంపు అప్పగించింది. వచ్చినవాళ్లకు నీళ్లివ్వాలి. మాటలివ్వాలని ఎవరూ చెప్పలేదు, అతను ఇవ్వనూ లేదు.

ఆ వారం వచ్చినవాళ్లతో అసలే ఇవ్వలేదు. ఇరవై ముగ్గురు, మూడుబావుల దీవి వాళ్లు. ఎప్పుడో తాతల నాడు ఈ తీరం నుంచే కొబ్బరితోటల్లో కూలికి వెళ్లి అక్కడే ఉండిపోయిన జనం. సగం దీవి పదకొండేళ్ల కిందటి తుపానుకే పోయింది. మిగతా సగం పట్టుకుని వేలాడారు. మొన్న వేసవిలో అదీ పోయింది. వాళ్ల మాట తవిటయ్యకు చెవిన పడకూడదు. అందుకని పంపు చప్పుడు చేస్తాడు.

ఫ్యాక్టరీ పాకలో పన్ను పీకించుకోడానికి దాలమ్మ అనే ఆమె వంతు వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. ఆ ఇరవై ముగ్గురికీ పెద్ద తలకాయ ఆమే.

“నా పన్ను ఏటి సెప్తాది బావూ?” అని అడిగింది, నోరు తెరిచే ముందు.

యంత్రం తెచ్చిన పాత్రో కుర్రతనం పోని మనిషి. ఓపిక కూడా ఇంకా పోలేదు. “పసిపిల్లగా ఉన్నప్పుడు నువ్వు ఏ నీళ్లు తాగావో చెబుతుందమ్మా. ఒక్కో నేలకు ఒక్కో రాయి. ఆ రాతి సత్తువ నీళ్లలోకి దిగుతుంది, నీళ్లలోంచి పంట్లోకి. పన్ను ఒకసారి గట్టిపడితే అది ఇక మారదు.”

“నానే సెప్తన్నాను కదా, నడిబావి నీల్లని.”

“నువ్వు చెబితే చెల్లదు. పన్ను చెప్పాలి.”

“నలబై ఏల్లు నా కూడు తిని, నా మీద సాచ్చికం ఇస్తాదన్నమాట!” అని దాలమ్మ నోరు తెరిచింది. వరసలో ఉన్నవాళ్లు దూది నొక్కుకున్న బుగ్గలతోనే నవ్వారు. డాక్టరు దవడపన్ను పీకి చిన్న సీసాలో వేశాడు. దాని మీద అంకె రాశారు. బయట నిలిపిన వ్యానులో యంత్రం ఉంది. కాగితాల మీద దాని పేరు నీటిజాడ యంత్రం. ఫ్యాక్టరీలో అందరికీ అది పళ్లమిషను.

మరునాడు పాత్రో వ్యాను దిగి వచ్చిన తీరు చూసే హేమసుందరి లేచి నిలబడింది.

“ఇరవై మూడు పళ్లూ ఒకే నీళ్లవి మేడమ్. అబద్ధం ఒక్కటీ లేదు. ఆ నీళ్లు ఎక్కడివో మాత్రం మిషనుకు తెలియదు.”

“మూడుబావుల దీవివి అని చెబుతున్నారు కదయ్యా.”

“పోల్చడానికి ఆ దీవి నీళ్లు మన రిజిస్టర్లో ఉండాలి. ఎవరూ ఎప్పుడూ తీయలేదు. ఇప్పుడు తీద్దామంటే దాని మీద మూడు నిలువుల సముద్రం. అవతలి దేశాన్ని అడిగితే, ఆ దీవిలో మనుషులే లేరు పొమ్మంటోంది.”

దాని అర్థం అందరికీ తెలుసు. నేల మునిగిపోయినవాళ్లకే ఇక్కడ చోటు. ఏ నేలదో తేలనివాళ్లను అవతలి దేశంవాళ్ల కింద లెక్కగట్టి ఓడ ఎక్కిస్తారు. ఆ దేశం వాళ్లను తీసుకుంటుంది. తీసుకుని ఉప్పుమడుల్లోకి తోలుతుంది. అక్కడికి వెళ్లినవాళ్ల దగ్గర్నుంచి ఇంతవరకూ ఒక్క కబురు లేదు. ఓడకు పన్నెండు రోజులుంది.

హేమసుందరి పాక మధ్యకు వెళ్లి అడిగింది. “మీ ఊరి నీళ్లు ఎవరైనా తెచ్చుకున్నారా? సీసాడు, గ్లాసుడు, ఎంతైనా సరే.”

అందరూ దాలమ్మ కేసి తిరిగారు. చివరికి దాలమ్మ వాచిన దవడ మీద చెయ్యి వేసుకుని, “తెచ్చినాం” అంది.

“ఏది?”

“మా సూరమ్మ ముసిల్ది తాగేసింది. ఇక్కడికొచ్చిన మూడో నాడు పోనాది కాదా, ఆవిడ. నడిబావి వీదిలో పుట్టినోలు నడిబావి నీల్లు గొంతులో పడితేగానీ పోరాదు. పోసినాం.”

“అంతా పోసేశారా? ఒక్క చుక్క ఉంచకపోయారా దాలమ్మా!”

దాలమ్మ ఆమెకేసి వింతగా చూసింది. “పోయేవోల నోట్లో పోసీటప్పుడు ఒక సుక్క అట్టేపెట్టుకుని పోస్తారేటమ్మా?”

పంపు దగ్గర తవిటయ్య చేతిలోని తోలువాచరు జారి బురదలో పడింది. తీసుకుని, కడిగి, మళ్లీ జారవిడిచాడు.

పాత్రో గడ్డం గోక్కుంటూ, “ఇంకో దారి ఉంది, కానీ దొరకదు” అన్నాడు. “ఆ దీవిలో పుట్టి, ముందే ఇటొచ్చి పోయినవాళ్లు ఎవరైనా ఉండాలి. అక్కడే పుట్టినట్టు పాత కాగితం ఉండాలి. అప్పుడు వాళ్ల ఎముక చాలు. కాలిన ఎముకైనా ఫర్వాలేదు. చెవి వెనక రాయిలాంటి ముక్కొకటి ఉంటుంది. రెండేళ్లు నిండేలోపే గట్టిపడిపోతుంది. నిప్పులో వేసినా దాని నీటిజాడ పోదు.”

“కాలినవాళ్ల ఎముకలు ఎవరు దాచుకుంటారయ్యా?” అంది హేమసుందరి. “మర్నాడే నీళ్లలో కలిపేస్తారు.”

తవిటయ్య పంపు బిగించి, సైకిలెక్కి ఇంటికి వెళ్లిపోయాడు.

ఇంటి వెనక మోటారు పాకలో, దూలానికి, ఎర్రగుడ్డ వాసెన కట్టిన కుండ వేలాడుతోంది. అస్థికల కుండ ఇంట్లో పెట్టకూడదు కాబట్టి అక్కడ కట్టాడు. నాలుగేళ్లుగా అక్కడే ఉంది. అందులో గవరమ్మ ఉంది.

ముప్పై ఎనిమిదేళ్ల కిందట, అతను కంట్రాక్టరు మనుషులతో మూడుబావుల దీవికి బోరు వేయడానికి వెళ్లాడు. నూట ఇరవై అడుగులు దించారు. ఉప్పునీళ్లు పడ్డాయి. దీవి జనం బోరు చుట్టూ చేరి చప్పట్లు కొట్టి నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్విన పిల్ల పడవ ఎక్కి అతనితో వచ్చేసింది. రేవులో ఆమె పేరు, పుట్టిన చోటు రాసి ఒక కాగితం ఇచ్చారు. అది ఇప్పటికీ పెట్టెలో ఉంది.

ఆమె అతని దగ్గర ముప్పై నాలుగేళ్లు బతికింది. పిల్లలు కలగలేదు. అడిగింది ఒకే ఒక్కటి. తుపానుకు ముందు ఏడాది, ‘మాయమ్మని ఒకపాలి సూసొస్తాను’ అంది. పడవ ఉంది, డబ్బూ ఉంది. అతనే వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో ఇప్పుడు వెతికినా అతనికి కారణం దొరకదు. ఆ రోజు కూర చల్లారిపోయింది, అంతే గుర్తుంది. వానలు పోయాక వెళ్దువులే అన్నాడు. వానలు పోయాయి. తల్లి పోయిందని కబురొచ్చింది. ఆ వెనకే తుపానొచ్చింది. గవరమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే బాగుండేది. పోయేటప్పుడు మటుకు, ‘నడిబావి నీల్లు’ అంది. తవిటయ్య చెంచాతో తన ఇంటి బోరు నీళ్లు పోశాడు, ఈ ఊరంతా పడే తుప్పు నీళ్లే. అవి పెదవుల పక్క నుంచి కారిపోయాయి.

సముద్రంలో కలపమన్నారు ఊళ్లోవాళ్లు. ఆమె ఊరిని తిన్నదానికి ఆమెను కూడా పెట్టనన్నాడు. ఏ నదికీ తీసుకెళ్లలేదు. పిచ్చి తవిటయ్య అన్నారు. అననిచ్చాడు.

మూడు రోజులు కుండకేసి చూడకుండా గడిపాడు. ఇరవై ముగ్గురు. వాళ్లెవరో, తనెవరో. ఆమె పోయినప్పుడు వీళ్లు ఏడ్చారా? ఆమెను పొడి చేసి ఆమ్లంలో కలిపేస్తారట, తిరిగి ఏమీ రాదట. ఉన్నది ఒక్క కుండ. అది కూడా ఇచ్చేస్తే ఇంటికి తిరిగి రావడానికి కారణం ఏముంటుంది?

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం దాలమ్మ రెండు బిందెలతో పంపు దగ్గరికి వచ్చింది. దోసిట్లో కాసిని పట్టి, తాగి, మొహం చిట్లించింది.

“ఓలమ్మో, ఇవేటి నీల్లు మావా! తుప్పు నాకినట్టున్నాది. మీయమ్మ ఈ నీల్లతోనే నీకు పాలిచ్చిందేటి, అందుకే నీ మొకం అలగున్నాది?”

అతను పంపు కొట్టాడు.

“మా దీవికీ ఒకపాలి బోరింగోలు ఒచ్చినారు, నా సిన్నతనంలో. నడిబావి తియ్యటి నీల్లు ఎదురుగా ఉంటే, పక్కన గొయ్యి తవ్వి ఉప్పునీల్లు తోడినారు! అందులో ఒకడు మా గవరప్పని తోడుకుపోనాడు. తోడింది అదొక్కటే మంచినీరు.” తన మాటకు తనే నవ్వుకుంది.

పంపు చెయ్యి సగంలో ఆగింది. “ఆ పిల్ల తల్లి?” అన్నాడు తవిటయ్య. ఆ ఫ్యాక్టరీలో అతను అడిగిన మొదటి ప్రశ్న అది.

“మాలచ్చిమత్తా? కూతురొస్తానని కబురెట్టింది. అప్పటినుండి పడవొచ్చిన పెతిసారీ ముంతలో నీల్లు పట్టుకుని రేవుకొచ్చీది. దూరం నుంచొస్తాది, దాహంగా ఉంటాదని. ఏడాది పొడుగునా. ఆఖర్న మంచాన పడింది. ఆ ముంతలో నీల్లే నోట్లో పోసినాం.” దాలమ్మ బిందె సర్దుకుంది. “రాకపోతే రాకపోనీ. వస్తానని సెప్పకూడదు కాదా, పెద్దోలకి.”

“అది వస్తానంది.”

“ఏటి?”

“అది రాను అన్లేదు. నానే రానియ్యలేదు.”

దాలమ్మ అతన్ని పాదాల నుంచి తల దాకా చూసింది. చేతిలోని పంపు చూసింది. దవడ బిగిసింది, పన్ను పీకిన పక్కే.

“నువ్వేనేటి.”

అతను తలూపాడు.

“గవరప్ప ఏది?”

“నాలుగేల్లయింది.”

“ఏ నీల్లు పోసినావు?”

తవిటయ్య పంపు కేసి చూపించాడు.

దాలమ్మ నిండిన బిందె ఎత్తి, నెమ్మదిగా, చివరి చుక్క దాకా నేల మీద పోసేసింది. రెండోది కూడా పోసేసింది. ఖాళీ బిందెలు చంకనేసుకుని వెళ్లిపోయింది. ఒక్క మాట తిట్టలేదు. గవరమ్మా అంతే.

ఆ సాయంత్రం ఎండ తగ్గకముందే అతను కుండ దింపాడు.

వ్యానులో బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. పాత్రో రేవు కాగితం రెండు వైపులా చూసి, హేమసుందరికి అందించాడు. ఆమె చదివింది. ‘గవరమ్మ, ఇరవై ఏళ్లు, నడిబావి వీధి, మూడుబావుల దీవి.’ చదివి తవిటయ్య కేసి తిరిగింది. 

“నేను వెతుకుతాను, మీరు బయట కూర్చోండి” అన్నాడు పాత్రో.

“నాను తీస్తాను. ఎలగుంటాదో సెప్పు.”

“చింతపిక్క కన్నా కాస్త పెద్దది. మిగతావి వేలితో నొక్కితే చిట్లుతాయి. అది చిట్లదు. రెండుంటాయి. రెండూ కావాలి. ఒకటి చూడ్డానికి, రెండోది ఖాయం చేసుకోడానికి.”

తవిటయ్య వాసెన విప్పి చెయ్యి లోపల పెట్టాడు. బూడిద చల్లగా, మెత్తగా ఉంది. నాలుగేళ్లలో ఆమెను ముట్టుకోవడం అదే. ఒకటి దొరికింది. రెండోదానికి చాలాసేపు పట్టింది, తొందరపడలేదు. రెండూ గుడ్డ మీద పెట్టి, అరచేతికి అంటిన బూడిద కుండలోకే దులుపుకున్నాడు.

“వీటిల్లో నా నీల్లుంటాయేటి?” అని అడిగాడు.

పాత్రోకు అర్థం కాలేదు.

“ముప్పై నాలుగేల్లు నా బోరు నీల్లు తాగింది.”

“ఈ ముక్కలోకి ఎక్కవండి. పసితనంలోనే మూసుకుపోతుంది, తర్వాత ఎన్నేళ్లు ఏం తాగినా దీనికి తెలియదు. పక్కటెముకలు అలా కాదు. అవి కొన్నేళ్లకోసారి మారిపోతుంటాయి. మీ నీళ్లుంటే వాటిల్లో ఉండాలి.”

తవిటయ్య కుండలోంచి పొట్లకాయ గింజంత పెళుసు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. “సూడు.”

“దీంతో మనకు అవసరం లేదు...”

“నాకున్నాది.”

మూడో రోజుకు తేలింది. ఇరవై మూడు పళ్లకూ, చెవిఎముకకూ వెంట్రుకవాసి తేడా రాలేదు. రిజిస్టర్లో ఖాళీగా ఉన్న గడిలో పాత్రో రాశాడు: ‘మూడుబావుల దీవి. ఆధారం: గవరమ్మ.’ ఇక ఎప్పుడు ఎవరు ఆ దీవి వాళ్లమంటూ వచ్చినా పోల్చేది ఆమెతోనే. పాకలో ఏడుపులు, నవ్వులు ఒకేసారి లేచాయి. ఓడ వీళ్లు లేకుండానే వెళ్తుంది.

ఆ సందడిలో పాత్రో పంపు దగ్గరికి వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. “పక్కటెముక కూడా చూశానండి. మీ బోరు నీళ్లే.”

“అంతా?”

“అంతా.”

తవిటయ్య బోల్టు ఒకటి బిగించాడు. “అంటే తాగింది” అన్నాడు. 

నాలుగు రోజులకు సర్కారు బస్సు వచ్చింది. వాళ్లకు చోటు చూపించింది సముద్రానికి దూరంగా, కొండ అవతల. హేమసుందరి ఒక్కొక్కరికీ దుప్పటి, గిన్నె, కాగితాల సంచి ఇచ్చి, పేరు పేరునా బస్సెక్కించింది. అందరూ ఎక్కాక దాలమ్మ దిగి పంపు దగ్గరికి వచ్చింది.

“గవరప్ప మమ్మల్ని ఒడ్డెక్కించింది. నువ్వు కాదు.”

“నాను కాదు” అన్నాడు తవిటయ్య.

“నిన్ను సూస్తే మాలచ్చిమత్త రేవులో నిలబడ్డమే కనిపిస్తాది. సచ్చినదాకా కనిపిస్తాది.”

“కనపడనీ.”

ఆమె ఇంకా ఏదో ఆశించినట్టు నిలబడింది. ఏడుస్తాడనో, చేతులు జోడిస్తాడనో. అతను పంపు కొట్టాడు. ఆమె దోసిలి పట్టి తాగింది. ఈసారి మొహం చిట్లించలేదు. బస్సు వెళ్లిపోయింది. జీడి వాసన మిగిలింది.

వారం తిరక్కుండా ఇంకో పడవ వచ్చింది. తొమ్మిది మంది, ఆ దీవి వాళ్లే. ఎటో కొట్టుకుపోయి ఏ రేవులోనో ఆగి వచ్చారు. అందులో మరిడయ్య అనే ముసలాయన మెడలో తాడు కట్టిన సీసా ఉంది. మూతకు మైనం పెట్టి ఉంది. అది చూసి హేమసుందరి అక్కడే మెట్టు మీద కూలబడింది.

“నడిబావి నీళ్లు! పదిహేను రోజుల ముందు వచ్చి ఉంటే, తవిటయ్యా... నీ కుండ ముట్టుకునే పనే లేకపోయేది!”

“వచ్చుంటే” అన్నాడు అతను. అతని బతుకంతా ఆ మాటలోనే ఉంది కాబట్టి కొత్తగా నొప్పేమీ పుట్టలేదు.

పాత్రో రిజిస్టరు కోసం సీసాలోంచి సగం తీసుకున్నాడు. తొమ్మిది మందీ పళ్లిచ్చారు, గవరమ్మతో పోలారు. మిగిలిన సగం సీసా ముసలాయన మళ్లీ మెడలో వేసుకున్నాడు. తవిటయ్య మరునాడు పొద్దున్న కుండ సైకిలుకు కట్టుకుని వచ్చి, ఎండలో కూర్చున్న మరిడయ్య ఎదుట దించాడు.

“మూతెడు కావాల.”

“ఇది నా సావుకి దాసుకున్న నీరు నాయనా. ఎవలికి?”

“నడిబావి వీది మనిషికి.”

“ఎవలు పోయేలా ఉన్నారు?”

“పోనాది. నాలుగేల్లయింది.”

ముసలాయన కుండ కేసి, మనిషి కేసి మార్చి మార్చి చూశాడు. “నాలుగేల్లా! ఇప్పుడు దానికి నోరెక్కడున్నాదిరా, తాగడానికి?”

తవిటయ్య కుండ ముందుకు జరిపాడు. వాసెన విప్పి పక్కన పెట్టాడు. ముసలాయన కాసేపు గొణుక్కున్నాడు. తర్వాత సీసా మూత తీసి, మూత నిండా పోసి ఇచ్చాడు. తవిటయ్య దాన్ని ఒలకనివ్వకుండా కుండ మీదికి తెచ్చి, ఒక్క చుక్క ఉంచుకోకుండా పోశాడు.

ఎండిన ఎముకలు చుయ్‌మంటూ నీళ్లు పీల్చుకున్నాయి. అతను చెవి ఒగ్గి, ఆ చప్పుడు ఆగేదాకా విన్నాడు. సముద్రం అక్కడికి రెండు వందల అడుగుల్లోనే ఉంది. దానికేసి చూడలేదు.

కుండను పంపు గట్టు మీద, నీళ్లు పడే పక్కన పెట్టుకున్నాడు. కొత్తవాళ్లు బిందెలతో వరస కట్టారు. ముందున్న ఆమె దోసిట్లో పట్టి రుచి చూసి, మొహం చిట్లించింది.

“తుప్పు నీల్లే” అన్నాడు తవిటయ్య, పంపు కొడుతూ. “అలవాటవుతాయి. మా ఆడమనిషికి అయినాయి.”